రాజీ తరువాతి పని: వెబ్‌సైట్ సుగమ్యత, న్యాయస్థానాలు, తెలుగు పాఠ్యం

న్యాయవివాదం రాజీతోనో తీర్పుతోనో ముగిసిన తరువాత ఒక సంస్థ తన వెబ్‌సైట్‌ను దివ్యాంగులకు ఎంతవరకు అందుబాటులోకి తేగలదన్నది, ఆ పత్రంలో రాసుకున్న సదుద్దేశం కంటె, పని ఏ ప్రమాణం ప్రకారం జరగాలి, ఎప్పటిలోగా ముగియాలి, ముగిసిందని ఎవరు ధ్రువీకరించాలి అనే మూడు షరతుల మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. సుగమ్యత అంటే ఇక్కడ, చూపులేని వ్యక్తి తెరమీది పాఠ్యాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సహాయంతోను, చేతులు సరిగా ఆడని వ్యక్తి మౌస్ లేకుండా కీబోర్డుతోను, ఇతరుల సాయం కోరకుండా తన పని తాను చేసుకోగలగడం.

అమెరికాలో టార్గెట్ అనే చిల్లర వర్తక సంస్థపై నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ 2006లో వేసిన దావా ఇలాంటి షరతులకు మంచి నిదర్శనం. 2008 ఆగస్టులో కుదిరిన రాజీలో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే కాలిఫోర్నియాలోని హక్కుదారుల కోసం 60 లక్షల డాలర్ల నిధి ఏర్పాటుకు అంగీకరించింది. పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది ఆ మొత్తమే అయినా, అసలు బలం తక్కిన షరతులలో ఉంది: 2009 ఫిబ్రవరి నెలాఖరు గడువు, దావా వేసిన అంధుల సంఘమే వెబ్‌సైట్‌ను పరీక్షించి ధ్రువీకరించడం, ఆపైన కొనసాగే పర్యవేక్షణ. తనను కోర్టుకీడ్చిన వాదినే పరీక్షకునిగా ఒప్పుకోవడం ఏ సంస్థకైనా రుచించే విషయం కాదు. ఆ రాజీ కాగితంగా మిగిలిపోకపోవడానికి అదే ముఖ్య కారణమనుకోవచ్చు.

భారతదేశంలో ఈ మార్గం రాజీల ద్వారా కాక ఎక్కువగా తీర్పుల ద్వారా సాగింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికతను అందుబాటులో ఉంచాలని, 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవాసంస్థలు నిబంధనలు వెలువడిన రెండేళ్లలో వాటిని పాటించాలని చెప్పాయి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, రెండేళ్లూ గడిచిపోయాయి. సుగమ్యతకు సంబంధించిన రాజీవ్ రాతూరి కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల అమలును పరిశీలించి నివేదిక ఇచ్చే బాధ్యత హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు దివ్యాంగుల అధ్యయన కేంద్రానికి దక్కింది. ఆ నివేదిక వెలుగులో 2024 నవంబరు 8న వెలువడిన తీర్పు, 15వ నిబంధనలోని మొదటి ఉపనిబంధన తప్పనిసరిగా ఉండవలసిన ప్రమాణాలను కేవలం సూచనల స్థాయికి దించినందువల్ల చట్టవిరుద్ధమని తేల్చి, కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30 నాటి ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. కళ్లార్పి చూపలేని ఆమ్లదాడి బాధితులు, చూపులేనివారు బ్యాంకులలో గుర్తింపు నిర్ధారణ పూర్తి చేయలేకపోతున్న స్థితిని పరిశీలించి ఇచ్చిన 20 ఆదేశాలలో, అర్హత పొందిన నిపుణులచేత నియమిత కాలంలో తనిఖీ చేయించడం, పరీక్షదశలోనే అంధులను భాగస్వాములను చేయడం ఉన్నాయి. టార్గెట్ రాజీలోని ధ్రువీకరణ షరతు ఇక్కడ తీర్పు రూపంలో వచ్చిందన్నమాట.

ఉత్తర్వు అందిన సంస్థలు సాధారణంగా వెతికేది దగ్గరిదారి. వెబ్‌సైట్ మీద పైపొరలా అతికించే ఉపకరణం కొనడం అందులో ఒకటి. అలాంటి ఉపకరణంతో ప్రమాణాలన్నీ నెరవేరుతాయని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకోగా, ఆ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణమైన వెబ్ కంటెంట్ సుగమ్యతా మార్గదర్శకాలు కోరేవి, ఉదాహరణకు బొమ్మలకు మాటల్లో వివరణ, అక్షరాలకూ వెనకరంగుకూ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం, కీబోర్డుతో నడిచే బటన్లు, పేజీ నిర్మాణంలోనే చేయవలసిన మార్పులు.

తెలుగుకు వచ్చేసరికి పైన ఉదహరించినవన్నీ నెరవేరినా ఒక చిక్కు మిగులుతుంది. ముద్రణశాలల్లోను కార్యాలయాల్లోను దశాబ్దాలుగా వాడుకలో ఉన్న అను వంటి పాత ఫాంట్లలో, కంటికి తెలుగు అక్షరంగా కనిపించే గుర్తు కంప్యూటర్‌లో రోమన్ అక్షరంగానో విరామచిహ్నంగానో నిలువ ఉంటుంది. కాబట్టి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అర్థంలేని శబ్దాల వరుస. పాఠ్యం ఉందా లేదా అని మాత్రమే చూసే యంత్రతనిఖీ దీన్ని లోపంగా గుర్తించదు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతసంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచి స్థానం ఉంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌లో తెలుగు గొంతు కూడా ఉంది. అయినా పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించకపోతే ఆ గొంతు తనంతట తాను పలకకపోవచ్చు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల వంటి మండల కేంద్రంలో ఇలాంటి చిక్కే మరో రూపంలో కనిపిస్తుంది. జిల్లాల వెబ్‌సైట్లను జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఉమ్మడి వేదిక మీద నడుపుతున్నారు. అక్షరాల పరిమాణం పెంచుకునే ఏర్పాటు, స్క్రీన్ రీడర్ సమాచారం అందులో ముందే ఉన్నాయి. అయితే ఉద్యోగ ప్రకటన మాత్రం, సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మగా అందులోకి చేరడం పరిపాటి. పల్లె నుంచి బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయివచ్చే శ్రమ తప్పించేందుకు వచ్చిన సదుపాయం చూపులేని నిరుద్యోగికి ఆ విధంగా అందకుండా పోతుంది. పక్కింటివారిచేత చదివించుకోవడమో, నెట్ సెంటరులో డబ్బిచ్చి చదివించుకోవడమో తప్పదు.

దిద్దుబాటును ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. ఏళ్ల తరబడి పేరుకున్న పీడీఎఫ్‌లన్నిటినీ ఒకేసారి మార్చాలని పూనుకునే సంస్థ ఆ గుట్ట కిందనే చిక్కుకుపోతుంది. సంతకం డిజిటల్‌గా చేసి, మూలప్రతిని యూనికోడ్‌లోనే విడుదల చేసే పద్ధతిని ఒక నిర్ణీత తేదీ నుంచి అమలు చేసి, గడువు తీరని ప్రకటనలను, పింఛను, ధ్రువపత్రాల దరఖాస్తులను ముందు సరిచేసి, పాత పత్రాలను అడిగినవారికి నిర్దిష్ట వ్యవధిలో చదవగలిగే రూపంలో ఇవ్వడం ఆచరణయోగ్యమైన క్రమం. అలా సరిచేసినవాటిని పరీక్షించవలసింది ఆంగ్ల పేజీలు మాత్రమే చూసే నిపుణుడు కాదు, తెలుగు గొంతుతో ఫోను వాడే అంధ వినియోగదారుడు.