బావి తాగడం మొదలుపెట్టింది

కోనసీమలో కొబ్బరితోటల మధ్య నుంచి గ్యాసు బావి సైటులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గర ఫోను, అగ్గిపెట్టె తీసి పెట్టుకుని మీ చేతికి హెల్మెట్ ఇచ్చారు. "ముందు గాలి ఎటేపు ఉందో చూసుకోండి సార్" అంటూ కాపలా మనిషి స్తంభం మీద ఊగుతున్న నారింజరంగు గాలిసంచీ చూపిస్తాడు. గ్యాసు లీకైతే గాలికి ఎదురు దిక్కుగా నడవాలి. ఇక్కడ ఎవరికైనా మొదటి పాఠం ఇదే.

తవ్వకం అయిపోయింది. 2,200 మీటర్ల కింద ఇసుకరాయి దొరికింది, అందులో గ్యాసూ ఉంది. అయినా పైకి రావడం లేదు. బావి అడుగున కేసింగ్ గొట్టం వేయకుండా వదిలిన భాగంలో, రాతి గోడకి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఒక పొర అతుక్కుని ఉంది. తవ్వేటప్పుడు బావిలోకి పంపిన బురదలాంటి ద్రవం, అంటే మడ్డు, మిగిల్చిన పొర అది. సైటులో అందరూ దాన్ని కేకు అంటారు.

మడ్ ఇంజనీరు తన గదిలో ఫిల్టర్ ప్రెస్ విప్పి, లోపలి గుండ్రటి కాగితం మీ చేతిలో పెడతాడు. అరగంట సేపు ఒత్తిడి పెడితే మడ్డులో నీరు కిందికి దిగి, కాగితం మీద మిగిలిన పొర ఇది. వేలితో రాస్తే జారుతుంది, కానీ ఊడి రాదు. స్టార్చ్, జాంథన్ గమ్, సున్నపురాయి పొడి కలిసి బిగిసిన పొర. "ఇది లేకపోతే తవ్వేవాళ్లమే కాదండి. మడ్డంతా రాతిలోకి ఇంకిపోయేది" అంటాడాయన. బావి అదుపు తప్పితే ఏమవుతుందో ఈ సీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు.

ఇన్నాళ్లూ కాపాడిన పొరని ఇప్పుడు కరిగించాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. 15 శాతం యాసిడ్ ఒక ఘనమీటరు పోస్తే 220 కిలోల సున్నపురాయి కరిగిపోతుంది. 1896లోనే హెర్మన్ ఫ్రాష్ అమెరికాలో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆ యాసిడ్ ఇనుప గొట్టాలనీ తినేస్తుంది. 1932లో మిచిగన్‌లో డౌ కంపెనీ వాళ్లు యాసిడ్‌లో ఆర్సెనిక్ కలిపి గొట్టాలని కాపాడుకున్నారు. ఆర్సెనిక్ విషం కనుక, ఇప్పుడు ఆ పనికి వేరే రసాయనాలు వాడుతున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. యాసిడ్‌కి తొందర ఎక్కువ. మొదట తగిలినచోటే పొరని చీల్చి దారి చేసుకుంటుంది, వెనకాల వచ్చేదంతా ఆ కన్నంలోంచే పోతుంది. మిగతా గోడ మీద కేకు అలాగే ఉండిపోతుంది.

అందుకే ఈ రాత్రి వాడేది నిదానమైన మందు. ట్యాంకులో ముంచిన పీహెచ్ కాగితం రంగు దాదాపు మారలేదు. ఉప్పునీటిలో ఒక ఎస్టరు, ఒక ఎంజైము కలిపారంతే. అడుగున 90 డిగ్రీల వేడికి ఆ ఎస్టరు గంటల తరబడి విడిపోతూ లాక్టిక్ ఆమ్లం అవుతుంది. పెరుగుకి పులుపు తెచ్చేది అదే. అది సున్నపురాయి పొడిని కరిగిస్తుంది, ఎంజైము స్టార్చ్‌ని ముక్కలు చేస్తుంది. మడ్డు బరువు కోసం బెరైటు వేసి ఉంటే ఈ ఆమ్లాలేవీ దాన్ని కదిలించలేవు. దానికి డీటీపీఏ లాంటి వేరే మందు కావాలి. ఈ బావి చివరి భాగం తవ్వినప్పుడు బెరైటు వాడలేదు. బావిని శుభ్రం చేసే పని నిజానికి మడ్డు ఎంచుకున్న రోజే సగం తేలిపోతుంది. ఆ ముందుచూపు లేనిచోట ఎంత ఖరీదైన మందు పోసినా వృథాయే.

పెద్ద చక్రానికి చుట్టిన సన్నటి ఉక్కు గొట్టం బావిలోకి దిగుతోంది. అడుగు తాకాక పంపు మొదలైంది. గొట్టాన్ని మెల్లగా పైకి లాగుతూ మందు వదులుతున్నారు, గోడ పొడవునా సమంగా తగలాలని. తర్వాత అందరూ ఎదురుచూడటమే. జనరేటరు హోరు, చేలల్లో కప్పల అరుపులు, ప్లాస్కులో టీ.

తెల్లవారుజామున ట్యాంకు దగ్గర కుర్రాడు కేకేశాడు. "తాగుతోందండి!"

ట్యాంకులో మట్టం దిగుతోంది. పొర తెగింది, బావిలో ఉప్పునీరు రాతిలోకి ఇంకుతోంది. పని ఫలించిందనడానికి ఇదే గుర్తు, ప్రమాదానికీ ఇదే. లోపల నీటి మట్టం పడిపోతే గ్యాసు అదుపు లేకుండా తన్నుకొస్తుంది. "నింపండి, ఆపొద్దు!" సూపర్‌వైజరు కళ్లు గేజీ మీదే ఉన్నాయి. ఇంకిన ప్రతి బ్యారెల్‌కీ మరో బ్యారెల్ పోస్తున్నారు. మీ అరచేతులు చెమటపడతాయి.

అన్నీ సిద్ధమని తేలాకే నైట్రోజన్ పంపి నీటిని పైకి లేపారు. గోధుమరంగు నురగ ప్లాస్టిక్ పొర పరిచిన గుంటలోకి దూకుతోంది. పుల్లటి వాసన. ఈసారి పీహెచ్ కాగితం 4 చూపిస్తోంది. కట్టకి అవతల వరిచేను, దాని పక్కన పంటకాలవ. సోడా యాష్ బస్తాలు విప్పి పోస్తుంటే గుంట బుసబుస పొంగుతోంది. కాసేపటికి కాగితం 7 దగ్గరకి వచ్చింది. ఒకతను ఆ అంకె రిజిస్టర్లో రాసుకున్నాడు. దూరంగా, పైకొచ్చిన గ్యాసుని మండించే ఫ్లేరు భగ్గున అంటుకుంది, అందరూ అటు తిరిగారు.

నన్నడిగితే, ఈ పని బాగా జరిగిందా లేదా తేల్చేది ఆ రిజిస్టరే. మన దేశ నిబంధనల ప్రకారం చమురు తవ్వకాల మురుగునీటిని బయటికి వదలాలంటే పీహెచ్ 5.5కీ 9కీ మధ్య ఉండాలి, నూనె లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ ఊరి చేల పక్కన ఇలాంటి బావి ఉంటే గ్రామసభలో ఆ అంకెలు అడగండి. గుంటలో నీళ్లు ఏ లారీలో ఎక్కడికి వెళ్లాయో కూడా అడగండి.