నారికురుపు – దిగుడుబావి

రోగములు మందుతోనే నశించునని మనము తలంతుము. నారికురుపునకు మందును లేదు, టీకాయును లేదు. రాయలసీమ పల్లెలలో పూర్వము జనులు దిగుడుబావులలో కాళ్లు తడుపుకొని నీళ్లు ముంచుకొనెడివారు. రోగి పుండునుండి పురుగుపిల్లలు నీట చేరును. కంటికి ఆనని నీటిపురుగులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి సుమారు ఏడాది తరువాత మూరెడుకు మించిన పురుగు కాలినుండి వెలువడును. సేద్యము మాని మంచము పట్టవలసినదే.

1984లో దేశమున దాదాపు 40 వేలమందికి ఈ బాధ కలిగెను. దిగుడుబావులను చేదబావులుగా మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి. 1996లో రాజస్థానమున చివరి రోగి కనబడెను. 2000లో మన దేశము రోగవిముక్తమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించెను. కడవ మూతికి గుడ్డ కట్టిన గృహిణికి ఈ విజయమున వైద్యునితో సమానమైన పాలు కలదు.