అనుసరణలో స్వోపజ్ఞత: స్వీయ ప్రచురణ జనప్రియ నవల - కామారెడ్డి, ఎల్లారెడ్డి నేపథ్యం

తెలుగు నవలా చరిత్రలో అపరాధ పరిశోధక, భయానక నవలలకు దక్కిన స్థానం స్వల్పం. అవి ప్రజాభిరుచిని అనుసరించి పుట్టాయనీ, వాటిలో స్వోపజ్ఞత లేదనీ విమర్శ తీర్పు చెప్పింది. రచయిత తన నవలను తానే ప్రచురించుకునే సందర్భంలో ఈ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రక్రియకు తొలినుంచీ అనుసరణే ఆధారం. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో బెంగాలీ రచయిత పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి వచ్చాయి. తరువాత కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-1975) వెయ్యి నవలలు రాసి రైలు ప్రయాణికులను పాఠకులుగా మలిచారు. కొమ్మూరి సాంబశివరావు పాశ్చాత్య చట్రాన్ని స్వీకరించి, డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు పాత్రలతో దానిని తెలుగు చేశారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన తరువాత చేతబడి ఇతివృత్తాలు వెల్లువెత్తాయి. విమర్శకులు వాటిని ‘క్షుద్ర సాహిత్యం’ అన్నారు. ఒక విజయం వెనుక పలు అనుకరణలు రావడం ఈ చరిత్రలో స్థిరమైన క్రమం. దానిని నడిపినవి ప్రచురణకర్త పెట్టుబడి, పత్రికల అమ్మకాలు.

ఆ పెట్టుబడి ప్రధానంగా మద్రాసు, విజయవాడల్లో ఉండేది. 1948 వరకు ఉర్దూ అధికార భాషగా ఉన్న నిజాం రాష్ట్రంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి జనప్రియ నవలకు ప్రచురణ కేంద్రాలు కాలేదు. కామారెడ్డికి సికింద్రాబాదు-మన్మాడు రైలు మార్గం ఉంది. ఎల్లారెడ్డికి రోడ్డే ఆధారం. పుస్తకం ఇక్కడికి బయటినుంచి రావలసిందే.

2010లో కినిగె, 2014లో ప్రతిలిపి వచ్చాక చిన్న ఊరి రచయితకు ముద్రణ ఖర్చు అడ్డు తొలగింది. అయితే అనుకరణ ఒత్తిడి తొలగలేదు. ఎందరు చదివారో అంకెల్లో కనిపిస్తుంది కనుక, పూర్వం ప్రచురణకర్త కోరిన అనుకరణను ఇప్పుడు రచయిత తననుంచి తానే కోరుకునే పరిస్థితి ఏర్పడింది. సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే రచయితకైతే అమ్ముడుపోని ప్రతుల నష్టం కూడా తనదే. కాబట్టి అనుసరణను కేవలం ప్రతిభాలోపంగా చూడడం చారిత్రకంగా సరికాదు.

అలాగని అనుసరణ అంతా సమానం కాదు. స్థలాన్ని మారిస్తే కథ మారుతుందా అన్న ప్రశ్న ఇక్కడ ఉపయోగపడుతుంది. మంజీరపై 1923-1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ఒడ్డున జరిగిన హత్యను ఏ నగరానికి తరలించినా కథ చెక్కుచెదరకపోతే, అక్కడ జలాశయం అలంకారమే. దానికి భిన్నంగా, కనిపించకుండా పోయిన మనిషి కోసం సాగే పరిశోధన గల్ఫ్ వీసా ఏజెంటు దగ్గర మొదలై, అప్పు పత్రం మీదుగా ఇంటికి చేరితే, చట్రం అరువుదైనా కథ ఈ నేలదే. గల్ఫ్ వలసలు ఎరిగిన ఈ ప్రాంతంలో అదృశ్యం అనే పాత ఇతివృత్తానికి అర్థమే వేరు. స్వోపజ్ఞత చట్రంలో కాక, చట్రం స్థానిక జీవితానికి తలవంచిన చోట కనిపిస్తుంది.

అనుకరణ అన్న ముద్రతో ఈ పుస్తకాలను గ్రంథాలయాలు సేకరించకపోతే, ఆ తేడాను పరిశీలించేందుకు ఆధారమే మిగలదు. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లా సాహిత్య చరిత్రలో ఈ పుస్తకాలకూ చోటు ఉండాలి. స్వీయ ప్రచురణలను ముందుగా సేకరించి, విలువ నిర్ణయం తరువాత చేయడమే పరిశోధకులకు తగిన మార్గం.