నంబరొచ్చిందా?

(ఈ గాథలోని కుర్రాడు ఏ ఒక్కరో కాదు. బ్రిటన్ హోటల్ కొలువు కోసం ఎదురుచూసే వాళ్ల పరిస్థితులన్నీ కలిపి ఊహించిన మనిషి. తేదీలు, రుసుములు, నిబంధనలు మాత్రం 2025లో ఉన్నవి ఉన్నట్టే.)

2025 జులై 1, మంగళవారం. బ్రిటన్ హోం శాఖ ఆ దేశ పార్లమెంటు ముందు వలస నిబంధనల సవరణ పత్రం పెట్టింది. ఇక్కడ జగిత్యాల దగ్గరి ఊళ్లో అప్పటికే చీకటి పడింది. ఆషాఢం. పెళ్లిళ్లు లేవు కాబట్టి ఫంక్షన్ హాల్లో వంట పనీ లేదు. వాకిట్లో మంచమేసుకుని ఫోన్ చూస్తున్న చిన్నోడికి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఒక్క వాక్యం కనబడింది. జులై 22 నుంచి షెఫ్‌లకు స్కిల్డ్ వర్కర్ వీసా బంద్.

లేచి కూర్చున్నాడు. తనకు జులై 30 దాకా టైముందనుకున్నాడు. ఆ రోజుతో 26 నిండుతాయి.

"ఏందిరా, నంబరొచ్చిందా?" గడపలోంచే అడిగాడు బాపు.

"రాలే బాపు."

"కాయిదం లేకుంట, వీసా కాపీ లేకుంట, ఉత్త నంబరేందిరా నాకు తెల్వకడుగుత!"

బాపు గల్ఫ్ మనిషి. దుబాయిలో, మస్కట్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చినవాడు. ఆయన ఎరిగిన పద్ధతిలో ముందు వీసా కాపీ చేతికొచ్చేది, తర్వాత టికెట్టు. బ్రిటన్ దారి వేరు. అక్కడి యజమాని హోం శాఖను అడిగి సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ తీసుకోవాలి. సీవోఎస్ అంటారు. పేరుకు సర్టిఫికెట్టే గానీ వచ్చేది కంప్యూటర్‌లో ఒక నంబరు. అది వచ్చాక మూడు నెలల్లోగా వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. అది లేనిదే దరఖాస్తు ఫారం మొదటి మెట్టు కూడా ఎక్కలేం.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్లో కమీగా, అంటే వంటింటి కింది మెట్టులో చేరి, కాంటినెంటల్ సెక్షన్‌లో డెమీ షెఫ్ డి పార్టీ (డీసీడీపీ) దాకా ఎదిగాడు చిన్నోడు. డ్యూటీ పేరుకు తొమ్మిది గంటలు. బ్యాంక్వెట్ ఉన్న రోజు ఎప్పుడు బయటపడతాడో ఎవరికీ తెలియదు. జనవరిలో ఒక కన్సల్టెన్సీ ద్వారా స్కాట్లాండ్‌లోని హోటల్ నుంచి వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. హాలండేజ్ సాస్ విరిగిపోతే ఏం చేస్తావని హెడ్ షెఫ్ అడిగాడు. వేరే గిన్నెలో కొత్త పచ్చసొన, చెంచాడు గోరువెచ్చని నీళ్లు గిలక్కొట్టి, విరిగిన సాస్‌ను అందులోకి కొద్దికొద్దిగా పోస్తూ మళ్లీ కలుపుతానన్నాడు. అవతలాయన నవ్వాడు. ఫిబ్రవరిలో ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడాదికి 31,000 పౌండ్లు.

ఆ అంకె ఊరికే పడలేదు. 2024 ఏప్రిల్ 4 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కు పెరిగింది. దరఖాస్తు నాటికి 26 నిండని వాళ్లను కొత్తగా కొలువులో చేరేవాళ్ల కింద లెక్కగట్టి, 30,960 ఇచ్చినా చాలన్నారు. అంటే జులై 29న 31,000కు సరిపోయే కుర్రాడు, మర్నాడు అదే చేత్తో అదే సాస్ కలిపినా 38,700కు తక్కువైతే పనికిరాడు. ఆ హోటల్ కొన్నది అతని పనితనాన్నీ, వయసునూ కూడా.

మనవాడు మరీ గుడ్డిగా ఏమీ దూకలేదు. స్పాన్సర్ లైసెన్సున్న సంస్థల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెడుతుంది. అందులో ఆ హోటల్ పేరుంది, 'ఎ' (A) రేటింగ్ ఉంది. ఆఫర్ నిజం, హోటల్ నిజం. కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టాడు. మిగతాది సీవోఎస్ వచ్చాక అన్నారు. "పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది, నోటీసిచ్చెయ్ తమ్ముడూ" అన్నారు. ఇచ్చేశాడు. హైదరాబాద్‌లో టీబీ పరీక్ష చేయించుకున్నాడు. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. ఇంగ్లిష్ పరీక్ష అప్పటికే అయింది. మూడేళ్ల వీసాకు ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జి కలిపితే నాలుగు లక్షల రూపాయలు దాటుతుంది. అమ్మ తన పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా మూటగట్టి బీరువాలో పెట్టింది, నంబరు రాగానే బ్యాంకుకు పోదామని.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. "ప్రాసెస్‌లో ఉంది" అని కన్సల్టెన్సీ నుంచి మెసేజీ, పక్కన దండం బొమ్మ. ఎండాకాలం పెళ్లిళ్లకు ఊరి దగ్గర బగారా అన్నం డేగిసాల ముందు నిలబడ్డాడు. కలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఎప్పుడు పోతున్నవ్ అని. కొన్నాళ్లకు కూడలి దగ్గరి చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. మే 12న లండన్‌లో ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసి, డిగ్రీ స్థాయికి తగ్గ కొలువులకు ఈ వీసా ఆపేస్తామంది. చిన్నోడు కన్సల్టెన్సీకి ఫోన్ చేశాడు. "అది మనకు తగలదు తమ్ముడూ. మనది ముందే లైన్‌లో ఉంది."

ఇలా ఎదురుచూసే ప్రతి ఇంట్లో నమ్మేది ఈ లైన్‌నే. రేషన్ షాపు ముందు వరసలా ఎక్కడో ఒక క్యూ ఉందనీ, అందులో మన పేరుందనీ, రోజూ ఒక అడుగు ముందుకు జరుగుతోందనీ. అలాంటి క్యూ ఎక్కడా లేదు. యజమాని అడిగేదాకా ఈ కుర్రాడు భూమ్మీద ఉన్నట్టే హోం శాఖకు తెలియదు. అడిగాక మరీ ఎక్కువ తనిఖీలు పెట్టుకోకపోతే మామూలుగా ఒకట్రెండు పనిదినాల్లో తేలే పని అది. నెలల తరబడి నంబరు రాలేదంటే, చాలాసార్లు అవతల ఎవరూ అడగలేదనే అర్థం. ఈ ఒక్క ముక్క మార్చిలోనే తెలిసి ఉంటే చిన్నోడు నోటీసు వెనక్కి తీసుకునేవాడేమో.

జులై రెండో వారం. లీడ్స్‌లో పనిచేస్తున్న సీనియర్‌కు ఫోన్ చేశాడు.

"హోటల్‌కు నువ్వే మెయిల్ పెట్టురా."

"నేరుగా రాస్తే ఆఫర్ క్యాన్సిలైతదని కన్సల్టెన్సీవాళ్లు చెప్పిన్రన్నా."

"ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీదుంది? నీ పేరు మీదనే గదా. రాయి."

ఆ రాత్రే రాశాడు. మర్నాడు సాయంత్రానికి జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. ఆ ఖాళీని ఏప్రిల్‌లోనే రద్దు చేసుకున్నారట, స్థానికంగా ఒకర్ని తీసుకున్నారట, ఆ సంగతి అప్పుడే ఏజెన్సీకి చెప్పారట. హోటల్ వాళ్ల లెక్కా అర్థమయ్యేదే. ఏప్రిల్ 1న అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయింది. 6న ఉద్యోగి తరఫున యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 శాతం నుంచి 15 శాతానికి చేరింది. 9న సీవోఎస్ రుసుము 239 పౌండ్ల నుంచి 525కు ఎగబాకింది. దీనిపైన పెద్ద సంస్థయితే అప్పటి లెక్కలో ఏడాదికి మరో 1,000 పౌండ్ల స్కిల్స్ చార్జి. ఒకే నెలలో ఇన్ని పడితే, స్కాట్లాండ్‌లో ఎవరో బడ్జెట్ కాగితంలో ఒక గీత కొట్టేశారు. ఆ గీత ఇక్కడ వాకిట్లో మంచం దాకా రావడానికి మూడు నెలలు పట్టింది. హోటల్‌ను తప్పుపట్టలేను. తెలిసీ చెప్పకుండా దండం బొమ్మలు పంపిన వాళ్లను మాత్రం వదలలేను.

చిన్నోడు నిలదీస్తే కన్సల్టెన్సీవాళ్లు తడుముకోలేదు. "అది పోతే పోయింది. ఇంకో స్పాన్సర్ రెడీ. అర్జెంట్ సీవోఎస్. 21లోపు పడాలె. రెండు లక్షలు ఈ రోజే కట్టు." నిబంధన తెలిసినవాళ్లే. జులై 22కు ముందు కేటాయించిన సీవోఎస్‌లకు పాత రూల్సే వర్తిస్తాయి. నిజం పక్కన కూర్చోబెట్టిన అబద్ధాన్ని పట్టుకోవడం కష్టం.

అమ్మ బీరువా తీసింది. చిన్నోడు బండి తాళం పట్టుకున్నాడు. బాపు ఫోన్ తీసుకున్నాడు.

"సార్, ఆ హోటల్ పేరేంది?"

"పైసలు పడ్డాక చెప్తాం అంకుల్."

"పేరు చెప్పనిది పైసలెందుకియ్యాలె సార్?"

లైన్ కట్టయింది. బాపు ఫోన్ కొడుకు చేతిలో పెట్టాడు. "నేను దుబాయిల దిగినంకనే నా కంపెనీ పేరు తెలిసింది బిడ్డా. ఆ కంపెనీ ఎసుంటిదో తెలుసుకునేతందుకు నాకు రెండేండ్లు పట్టింది. నువ్వు ఈడనే తెలుసుకో. చెప్పకుంటే పోకు." అమ్మ మూట మళ్లీ లోపల పెట్టేసింది.

21వ తేదీ వచ్చింది, పోయింది. 30న ఇంట్లో పాయసం వండారు. ఆగస్టులో హైదరాబాద్‌లో మరో హోటల్లో, పాత జీతం కన్నా తక్కువకే చేరాడు. లక్షన్నర ఇంకా రాలేదు. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఉంది.

చదివే వాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి కుర్రాళ్లుంటారు కాబట్టి నాలుగు మాటలు. విదేశీ కొలువుల్లో పెట్టే ఏజెంటు 1983 వలస చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ చట్టం గల్ఫ్‌కే అనుకుంటారు చాలామంది. బ్రిటన్‌కు పంపేవాళ్లకూ అదే చట్టం. ఏజెంటు సేవా రుసుము ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు పైసా ఎక్కువ అడగకూడదు. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉంటుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ కొలువులకు పంపుతున్నాయి. 2024 డిసెంబరు 31న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిన సీవోఎస్ ఖర్చును స్కిల్డ్ వర్కర్ దగ్గర వసూలు చేయకూడదని బ్రిటన్ నిబంధనే చెబుతోంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజే హోటల్‌కు నేరుగా మెయిల్ పెట్టండి. నంబరు చూడందే ఉన్న ఉద్యోగానికి నోటీసివ్వకండి.

2025 జులై 22 నుంచి మన దేశంలో ఉండి బ్రిటన్‌లో షెఫ్ కొలువుకు కొత్తగా స్కిల్డ్ వర్కర్ సీవోఎస్ తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఇవాళ ఎవరైనా ఆ కొలువుకు సీవోఎస్ ఇప్పిస్తామని పైసలడిగితే, ముందు వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తర్వాత పోలీసులకు చెప్పండి.