కాశీలో కంఠవిద్య : పండిత ఓంకారనాథ ఠాకూరు

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీ ఉదయము ఆరున్నర గంటలకు రేడియోలో వందేమాతర గీతము వినవచ్చెను. పాడినవారు పండిత ఓంకారనాథ ఠాకూరుగారు. స్వతంత్ర భారతపు తొలి ఉదయమున మ్రోగిన ఆ కంఠమును పెక్కుమంది ఎరుగుదురు. ఆ గాయకునిలోని ఉపాధ్యాయుని ఎరిగినవారు తక్కువ. ఆ ఉపాధ్యాయుని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఠాకూరుగారు 1897వ సంవత్సరమున గుజరాతులోని ఖంభాతు చెంత, జహాజ్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి సైనికోద్యోగము మాని విరాగియై పోగా, కుటుంబభారము తల్లిపై బడెను. పసితనముననే ఆయన మిల్లులో కూలి చేసియు, రామలీల సమాజమున పనిచేసియు తల్లికి తోడ్పడిరి. ఆ బాలుని పాటకు మెచ్చిన పార్శీ దాత యొకరు బొంబాయిలో విష్ణు దిగంబర పలుస్కరుగారి కడ సంగీతము చెప్పించిరి.

ఆ గురువు సామాన్యులు కారు. సంగీతము ఆస్థానములను, ఘరానా కుటుంబములను దాటి రాని దినములలో, 1901లో లాహోరున గాంధర్వ మహావిద్యాలయమును నెలకొల్పి, దానిని జనసామాన్యమునకు అందించినవారు. 1916లో లాహోరు శాఖకు ఠాకూరుగారే ప్రధానాచార్యులైరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు నిండలేదు. 1919లో భడోచికి మరలి, సొంతముగా గాంధర్వ నికేతనమును స్థాపించిరి. గాంధీజీ ఉద్యమమునను పాల్గొనిరి. 1933లో ఐరోపాలో పర్యటించిరి. ఆ యేడే భార్య ఇందిరాదేవి మరణించెను. అటుపిమ్మట వారు సంగీతమునకే అంకితమైరి.

1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సంగీత కళాశాల ఏర్పడగా, దానికి తొలి అధిపతులైరి. అచ్చట నొక చిక్కుప్రశ్న ఎదురయ్యెను. గురువు ఇంట శిష్యుడు ఏండ్ల తరబడి వినివిని నేర్చును. విశ్వవిద్యాలయమున గంట కొట్టగనే పాఠము ముగియును. ఏడాది చివర పరీక్ష వచ్చును. కంఠవిద్య ఇట్లు అబ్బునా?

ఠాకూరుగారు ఆ ప్రశ్నను దాటవేయలేదు. క్రమముగా పాఠములు కూర్చి ‘సంగీతాంజలి’ని పెక్కు భాగములుగా వెలువరించిరి. శాస్త్రవిచారమునకై 1956లో ‘ప్రణవభారతి’ని ప్రకటించిరి. అయినను స్వరలిపియే సంగీతమని వారు భ్రమపడలేదు. ఒకే స్వరము కంఠధ్వని మార్పు చేత వేడుకోలు కాగలదు, నిందయు కాగలదు. దీనినే మన ప్రాచీనులు కాకువనిరి. ఈ మార్పు గురువు ఎదుట కూర్చున్నగాని పట్టుబడదు. వారి గానమున నాటకీయత మితిమీరినదని ఆక్షేపించినవారును లేకపోలేదు.

ఆ బోధనకు ఫలమేమి? దక్షిణదేశమున కర్ణాటక సంగీతమున పెరిగిన ఫిడేలు విదుషి ఎన్. రాజంగారు వారి శిష్యురాలైరి. గురువు గాత్రములోని జారులను, పలుకుబడిని కమానుపైకి తెచ్చుకొని, ఆ విశ్వవిద్యాలయముననే సుమారు నలువదియేండ్లు బోధించిరి.

1965లో పక్షవాతము ఠాకూరుగారిని మంచము పట్టించెను. 1967 డిసెంబరు 29న వారు కాలధర్మము నొందిరి.

బడిలో చదివిన పాట పాటయగునా అని సందేహించు తల్లిదండ్రులు నేటికిని కలరు. పట్టా ఒక్కటే ఎవ్వరిని గాయకులను చేయదు, అది నిజము. కాని తరగతి గదిలో గురువు పాడుచుండ, శిష్యుడు చెవియొగ్గి ఉండెనేని, విద్య అచ్చటను చేతులు మారును. కాశీలో జరిగినది ఇదియే.