దుంప: మొక్క వేసుకున్న పాతర

దక్షిణాఫ్రికా తూర్పు సరిహద్దులో బోర్డర్ కేవ్ అనే గుహ ఉంది. అక్కడి పాత పొయ్యిల బూడిదలో బొగ్గైపోయిన దుంపకొమ్ములు దొరికాయి. వాటి వయసు దాదాపు 1,70,000 ఏళ్లని 2020లో పరిశోధకులు ప్రకటించారు. మనిషి ధాన్యం పండించడం నేర్చుకుని పది పన్నెండు వేల ఏళ్లకు మించలేదు. అంతకు ఎన్నో రెట్లు ముందే కర్రతో నేల తవ్వి, దొరికినదాన్ని నిప్పుల్లో కాల్చుకుని బతికాడు. చరిత్ర పుస్తకాలు వరి, గోధుమల చుట్టూనే తిరిగాయి. శిస్తు లెక్కలన్నీ ధాన్యంలోనే ఉండేవి కనుక లెక్క రాసినవాళ్ల చూపు మట్టి కిందికి పోలేదు. దుంపకు రావలసిన చోటు ఇంకా రాలేదనే నా నమ్మకం.

మొక్క దుంపను మనకోసం పెట్టలేదు. ఎండలు మాడ్చినా, మంచు కురిసినా, కార్చిచ్చు కాల్చినా, పశువులు మేసినా, పైనున్న ఆకూ కొమ్మా పోయాక మళ్లీ లేవడానికి అది వేసుకున్న పాతర ఇది. ఆకుల్లో తయారైన చక్కెర కాండంలోని నాళాల గుండా కిందికి దిగుతుంది. అక్కడ పిండిగా మారి కణాల్లో రేణువులుగా పేరుకుంటుంది. చక్కెరగానే ఉంచుకుంటే కణాలు అదేపనిగా నీటిని లాగేసుకుంటాయి. పిండి చల్లని నీటిలో కరగదు, కాబట్టి ఎంత దాచినా చిక్కు లేదు. మొలక లేచే వేళకు ఎంజైములు ఆ పిండిని తిరిగి చక్కెరగా విడగొట్టి పైకి పంపుతాయి.

దాచే పని ఒకటే అయినా దాచే చోటు అన్ని మొక్కలకూ ఒకటి కాదు. బంగాళాదుంప వేరు కాదు, కాండం. నేలలో అడ్డంగా పాకే సన్నని కొమ్మ, కొన దగ్గర సాగడం మానేసి ఉబ్బితే అది తయారవుతుంది. దాని కళ్లు కణుపుల దగ్గరి మొగ్గలే. ఎండ తగిలితే పచ్చబడేది కూడా కాండం కావడంవల్లే. చిలగడదుంప అచ్చంగా వేరు. దానికి కళ్లుండవు, అందుకే రైతు తీగముక్కలు నాటుతాడు. కర్రపెండలం దుంప కూడా వేరే, నాటేది కర్రముక్కల్ని. కంద, చేమ పొట్టిగా బలిసిన కాండాలు. అన్నిటికంటే చిత్రమైనది మన తేగ. దాన్ని దుంపల్లో లెక్కవేయడానికి లేదు. తాటి టెంక మొలకెత్తుతూ తనలోని తిండిని నేల లోతుకు దింపుకుంటే ఆ మొలకే తేగ. సంక్రాంతి రోజుల్లో కాల్చుకుని తినే ఆ రుచి ఒక చెట్టు తన బిడ్డకు మూటగట్టి పంపిన తిండిదని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దుంపల కథలో వచ్చిన మలుపులన్నిటికీ మూలం వాటి రెండు గుణాల్లో ఉంది. దుంప ప్రాణమున్న పదార్థం, పైగా నీటి ముద్ద. బంగాళాదుంపలో అయిదింట నాలుగొంతులు నీరే. ధాన్యంలా ఎండబోసి ఏళ్ల తరబడి నిలవ చేయడం కుదరదు. ఇక రెండోది, దుంప నుంచి లేచే మొక్క తల్లికి అచ్చమైన నకలు. మంచిదైతే మంచి నకలు, రోగిష్టిదైతే రోగిష్టి నకలు.

మొదటి చిక్కును ఆండీస్ పర్వతవాసులు విప్పిన తీరు మానవజాతి గొప్ప పనుల్లో ఒకటి. సముద్రమట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు చుట్టుపక్కల, ఏడెనిమిది వేల ఏళ్ల కిందటే బంగాళాదుంప సాగులోకి వచ్చింది. అక్కడ రాత్రి గడ్డకట్టే చలి, పగలు చురుక్కుమనే ఎండ. దుంపల్ని ఆరుబయట పరిచి రాత్రి గడ్డకట్టనిస్తారు, పగలు మెత్తబడ్డాక కాళ్లతో తొక్కి నీరు పిండుతారు. కొన్నాళ్లు అలా చేస్తే తేలికైన, గట్టి ముక్క మిగులుతుంది. దాని పేరు చున్యో. ఏళ్ల తరబడి చెడదు. చేదు రకాల్లోని విషం కూడా ఈ పనిలో చాలావరకు పోతుంది. ఇన్కా సామ్రాజ్యపు గిడ్డంగులు దీనితో నిండాయి. తరువాత స్పెయిన్ వాళ్ల కోసం పోటోసీ వెండి గనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న కూలీల కడుపు నింపింది కూడా ఇదే. అక్కడి రైతులు ఒకే చెలకలో ఎన్నో రకాలు కలిపి నాటుతారు. చలికి కొన్ని పోయినా తెగులుకు కొన్ని పోయినా కొన్ని మిగులుతాయి. ఆండీస్‌లో ఇప్పటికీ వేల స్థానిక రకాలున్నాయి.

ఐరోపాకు చేరింది ఆ రకాల్లో గుప్పెడే. 1567లో కానరీ దీవుల నుంచి యాంట్‌వెర్ప్‌కు బంగాళాదుంపలు ఎగుమతైనట్లు రికార్డుంది. 1573 నాటికి సెవిల్ నగరంలో ఒక ఆసుపత్రి కొనుగోలు చిట్టాల్లో అవి కనిపిస్తాయి. అయినా రైతులు చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. వాళ్లది మూర్ఖత్వమని రాసినవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. భూమధ్యరేఖకు దగ్గరలో పుట్టిన ఆ మొక్కకు పగలు పన్నెండు గంటలకు అటూ ఇటూగా ఉంటేనే దుంప కట్టే అలవాటు. ఐరోపా వేసవిలో పగలు చాలా ఎక్కువ. ఆకు ఏపుగా పెరిగేది, దుంప మాత్రం శరదృతువులో పగలు కురచయ్యాకే కట్టేది. ఈలోగా మంచు పడేది. పొడవు పగళ్లకు తట్టుకునే రకాలు ఏరి నిలబెట్టుకోవడానికి తరాలు పట్టింది.

ఈ సంగతికి శాస్త్ర కారణం తెలియడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. మొక్కలు పగటి నిడివిని కొలుస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ తేల్చారు. కొలిచేది ఆకు, ఉబ్బేది నేల కిందున్న కొమ్మ. కబురు ఆకు నుంచి కిందికి వెళుతుందని అంటుకట్టి చేసిన ప్రయోగాలు 1950ల్లో చూపించాయి. ఆ కబురు మోసే ప్రోటీన్ ఏదో 2011లో తెలిసింది. మొక్కను పూయించే ప్రోటీన్‌కు అది దాయాది. పైన పువ్వు పుట్టించే కుటుంబమే కింద దుంప పుట్టిస్తోందన్నమాట.

ఒకసారి అలవాటు పడ్డాక ఐరోపా దుంపను వదల్లేదు. 1756లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సాగు చేయమని ఉత్తర్వులిచ్చాడు. ఫ్రాన్స్‌లో పర్మాంటియే దాని కోసం జీవితమంతా ప్రచారం చేశాడు. సైన్యాలు వచ్చి గాదెలు దోచుకుపోయినా, మట్టిలో మిగిలిన దుంప ఇంటివాళ్లకు దక్కేది. పేదవాడికి ఇంతకంటే పెద్ద భరోసా ఏముంటుంది?

ఆ భరోసా ఐర్లండ్‌లో విషాదమైంది. 1841 జనాభా లెక్కల్లో ఆ ద్వీపంలో 80 లక్షలకు పైగా మనుషులు. నిరుపేదలు చిన్న చిన్న కౌలు చెక్కల్లో లంపర్ అనే ఒకే రకం మీద ఆధారపడి బతికేవారు. రకం ఒకటే అయితే పొలాలన్నీ ఒకే మొక్క నకళ్లు. 1845లో మాడు తెగులు వచ్చింది. ఆకులు నల్లబడ్డాయి, నేలలోని దుంపలు కుళ్లి కంపు కొట్టాయి. తరువాతి ఏళ్లలో మళ్లీ మళ్లీ వచ్చింది. సుమారు 10 లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. అంతకంటే ఎక్కువ మంది దేశం విడిచారు. ఆ ఏళ్లలోనూ ఐర్లండ్ రేవుల నుంచి ఇంగ్లండ్‌కు ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. కాబట్టి నేరమంతా తెగులు మీద వేస్తే అన్యాయం. కౌలు వ్యవస్థ, పాలకుల నిర్దయ ఆ మరణాలకు బాధ్యులు. తెగులుకు కారణమైన సూక్ష్మజీవిని జర్మన్ శాస్త్రవేత్త డి బారీ 1861లో నిరూపించాడు. ద్వీపం జనాభా ఇవాళ్టికీ 1841 అంకెను అందుకోలేదు.

ఆ అనుభవం తరువాత దుంపల్లో వైవిధ్యం వెతకడం ప్రాణావసరమైంది. 1920ల్లో రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ తన సహచరుల్ని ఆండీస్‌కు పంపి వందల రకాలు తెప్పించాడు. 1941లో జర్మన్ సేనలు వావిలోవ్ సంస్థ ఉన్న లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టాయి. విత్తనాలైతే డబ్బాలో పెట్టి దాచవచ్చు. దుంప బతికున్న వస్తువు, ఏటా నాటకపోతే పోతుంది, గడ్డకడితే చస్తుంది. కామెరాజ్, వోస్క్రెసెన్‌స్కాయా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫిరంగి గుండ్ల మధ్య పావ్లోవ్‌స్క్ పొలాల నుంచి దుంపల్ని తవ్వి నగరానికి చేర్చారు. ఆ చలికాలమంతా సంస్థ ఉద్యోగులు దొరికిన కట్టెలన్నీ మండించి దుంపలున్న గదిని వెచ్చగా ఉంచారు. బయట జనం ఆకలితో రాలిపోతున్నారు. ఆ సంస్థలోనే కొందరు విత్తనాల మధ్య కూర్చుని ఆకలితో ప్రాణాలు వదిలారు. ఒక్క దుంప తినలేదు. వావిలోవ్ అప్పటికే స్టాలిన్ జైల్లో ఉన్నాడు. 1943 జనవరిలో అక్కడే చనిపోయాడు. వీళ్లందరి పేర్లు మన బడిపిల్లలకు తెలియాలని నా కోరిక.

పాతరకు కాపలా కూడా మొక్కే పెట్టుకుంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటాం కానీ, కందకు ఆ దురద ఉండటానికి కారణముంది. దానిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు తవ్వి తినవచ్చిన జంతువు నోటిని పొడుస్తాయి. మన వంటింట్లో చింతపండు కలిపి ఉడికించేది అందుకే. కర్రపెండలం ఇంకా కఠినమైనది. దానిలోని పదార్థం విరిగితే సైనైడ్ పుడుతుంది. అమెజాన్ ఆదివాసులు తురిమి, పిండి, కాల్చి దాన్ని పోగొట్టే పద్ధతిని వేల ఏళ్ల కిందటే సాధించారు.

ఆ కర్రపెండలమే కేరళ కరవు తీర్చింది. తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ 1880ల్లో దాని సాగును ప్రోత్సహించాడు. 1942లో బర్మా జపాన్ చేతిలో పడి బియ్యం రాక ఆగిపోయినప్పుడు కేరళ పేద ఇళ్లను నిలబెట్టింది అదే. మన ఉమ్మడి తూర్పు గోదావరి మెట్టనేలల్లో దాని దారి వేరు. నేలలో ఉన్నంతకాలం నెలల తరబడి చెడని ఆ దుంప, పెరికిన రెండు మూడు రోజులకే నల్లబడుతుంది. కనుక పొలాలకు దగ్గరగానే పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో మిల్లులు వెలిశాయి. అక్కడ దుంపను రుబ్బి, పాలు తీసి, పేరిన పిండిని పూసలు కట్టించి ఎండబెడితే మన ఉపవాసాల సగ్గుబియ్యం. ఆండీస్ వాసులు చలితో చేసిన పని ఇక్కడ నీళ్లతో, ఎండతో జరుగుతోంది.

వీటి పక్కన నిలబెట్టాల్సింది నల్లమల చెంచుల జ్ఞానం. వాళ్ల తిండిలో అడవి దుంపలకున్న స్థానాన్ని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన పుస్తకంలో వివరంగా రాశాడు. ఎండిన తీగను చూసి కింద ఏముందో, ఎంత లోతులో ఉందో చెప్పగలగడం ఏ వృక్షశాస్త్ర పట్టాకూ తీసిపోదు. ఆ చదువు చెప్పే ముసలివాళ్లు తగ్గిపోతున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

బంగాళాదుంప మన దేశానికి 17వ శతాబ్దంలో వచ్చింది. మైదానాల్లో విత్తన దుంప ఏటికేడు పాడయ్యేది. పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లు నకలు నుంచి నకలుకు పేరుకునేవి. 1949లో మొదలైన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థలో పుష్కర్‌నాథ్ దీనికి తేలికైన మార్గం చూపాడు. పేనుబంక తక్కువగా ఉండే చలినెలల్లోనే విత్తన పంట పండించి, పురుగు పెరిగేలోపే పైరు ఆకును కోసేయడం. దాంతో ఉత్తరాది మైదానాలే దేశానికి విత్తనపు కొట్టయ్యాయి, శీతల గిడ్డంగులు వెలిశాయి, ఉత్పత్తిలో మనం చైనా తరువాతి స్థానానికి చేరాం.

తెలుగు నేలలో మాత్రం సాగు కొద్దిచోట్లే. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే దుంప సరిగా కట్టదు, ఆకు చేసిన చక్కెర ఊపిరికే ఖర్చవుతుంది. జహీరాబాద్ వైపు ఎత్తు నేలల్లో చలికాలంలో ఆలుగడ్డ పండుతుంది, విత్తనం ఉత్తరాది నుంచి తెచ్చుకోవాలి. వేడిని కొంత ఓర్చుకునే కుఫ్రీ సూర్య రకం 2006లో విడుదలైంది. రాత్రులు ఇంకా వేడెక్కుతున్న ఈ కాలంలో దానికి తోడు మరిన్ని రకాలు కావాలి. వాటికి కావలసిన జన్యువులు ఆండీస్ కొండచరియల్లో ఇప్పటికీ కలిపి నాటుతున్న ఆ రంగురంగుల దుంపల్లో, వాటి అడవి బంధువుల్లో ఉన్నాయి.