మీథేన్ గ్రహం నుంచి ఖాట్మండు దాకా: కొత్త వస్తువు తయారు చేయడం నేర్పే పీజీ చదువు కథ

ఈ ఎపిసోడ్‌లో ముందు మిమ్మల్ని ఒక వింత గ్రహానికి తీసుకెళ్తాను. పేరు ఆర్క్‌టూరస్ 4. భూమికి దాదాపు 33 కాంతి సంవత్సరాల దూరం. అక్కడి గురుత్వాకర్షణ మన దగ్గరి కంటే 11 రెట్లు. గాలంతా మీథేన్. అక్కడుండే జీవులు గుడ్లలోంచి పుడతారు, కాస్త పక్షుల్లా ఉంటారు. చేతికి మూడే వేళ్లు. కళ్లు మూడు, అందులో ఒకదానికి ఎక్స్‌రే చూపు. కదలికలు బాగా నెమ్మది. కాలం 2951వ సంవత్సరం. ఇప్పుడు ఈ జీవులకి ఒక కారు డిజైన్ చేయండి. గ్రైండర్ చేయండి. కుర్చీ చేయండి.

ఇది ఏ సినిమా కథో అనుకోకండి. 1950ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద ఇంజనీరింగ్ యూనివర్సిటీలో స్టూడెంట్స్‌కి ఇచ్చిన హోంవర్క్. ఇచ్చినాయన జాన్ ఆర్నాల్డ్, మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. విశేషం ఏంటంటే, ఆయన డిగ్రీ చదివింది సైకాలజీ. ఇంజనీరింగ్‌లోకి తర్వాత వచ్చాడు.

ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, మనలో చాలామందికి ఒక డౌట్ ఉంటుంది. బీటెక్ అయిపోయింది, 'ప్రొడక్ట్ డిజైన్', 'న్యూ ప్రొడక్ట్ డెవలప్‌మెంట్' అని మాస్టర్స్ ఉందట, అందులో ఏం నేర్పుతారు? కొత్త వస్తువు కనిపెట్టడం ఎవరైనా క్లాసులో కూర్చోబెట్టి నేర్పే విషయమా? డెబ్బై ఏళ్ల క్రితం ఆర్నాల్డ్‌ని కూడా సరిగ్గా ఇదే అడిగారు.

ఆయన గమనించింది ఇది. ఇంజనీరింగ్ స్టూడెంట్‌కి లెక్క ఇస్తే చకచకా చేసేస్తాడు. కానీ 'ఒక కొత్త వస్తువు చెయ్యి' అంటే, ఆల్రెడీ మార్కెట్లో ఉన్నదాన్నే కాస్త మార్చి పట్టుకొస్తాడు. కారు అనగానే నాలుగు చక్రాలు, గుండ్రటి స్టీరింగ్. ఎందుకు? అలవాటు. మరి ఆ అలవాటు పనిచేయని చోట పడేస్తే? మూడు వేళ్ల చేతికి మన డ్రిల్లింగ్ మెషిన్ పిడి సరిపోదు. నెమ్మదిగా స్పందించే డ్రైవర్‌కి స్పీడు కారు ఇస్తే యాక్సిడెంటే. అప్పుడు గత్యంతరం లేక మొదటి నుంచీ ఆలోచించాలి: ఈ వస్తువు వాడేది ఎవరు? వాళ్ల ఒళ్లు ఎలా ఉంటుంది? ఎలా బతుకుతారు? స్టూడెంట్స్ గుడ్డు ఆకారంలో, నెమ్మదిగా నడిచే కారు ఒకటి గీశారు. దాని పేరు 'ఎగ్గోమొబీల్'. గుడ్డులోంచి పుట్టినవాడికి గుడ్డులో కూర్చుంటేనే కదా ధైర్యం!

1955లో లైఫ్ మ్యాగజైన్ ఈ క్లాసు గురించి ఫొటోలతో రాసింది. ఇదేం చదువు, పిల్లలతో సైన్స్ ఫిక్షన్ ఆడిస్తున్నారు అని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆర్నాల్డ్ 1957లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కి మారాడు. మెకానికల్ ఇంజనీరింగ్‌నీ, బిజినెస్ స్కూల్‌నీ, ఆర్ట్ వాళ్లనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలన్నది ఆయన తాపత్రయం. ఆ పని సగంలో ఉండగానే 1963లో చనిపోయాడు. కానీ ఆయన తీసుకొచ్చిన రాబర్ట్ మెకిమ్ ఆ ప్రొడక్ట్ డిజైన్ ప్రోగ్రామ్‌ని నిలబెట్టాడు. 1967లో అక్కడే ఎంఈ 310 అనే మాస్టర్స్ కోర్సు మొదలైంది. అందులో కంపెనీలు నిజమైన సమస్యలు తెచ్చి స్టూడెంట్స్ ముందు పెడతాయి. 

అమెరికా సంగతి సరే, మన దేశంలో? ఇక్కడ కథ ఒక చెంబు దగ్గర మొదలైంది. నిజంగానే చెంబు. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక రిపోర్ట్ ఇచ్చారు. దేశమంతా తిరిగి, తాము చూసిన వస్తువులన్నిటిలో గొప్పది మన ఇత్తడి లోటా అన్నారు. ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన ఎలా ఇముడుతుంది, తల మీద ఎలా నిలుస్తుంది, వంచితే ధార ఎలా పడాలి, తోమడం సులువేనా, ఎంతకి అమ్మొచ్చు అని బోలెడు ప్రశ్నలు వేసుకున్నారు. దాన్ని ఏ ఒక్కడూ డిజైన్ చేయలేదు, తరతరాలుగా అరిగి అరిగి ఆ రూపానికి వచ్చింది. మరి ఫ్యాక్టరీల కాలంలో మనకి అన్ని తరాలు ఆగే టైమ్ ఉందా? అందుకే స్కూల్ కావాలి. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. 1969లో ఐఐటీ బాంబేలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ పెట్టారు. ఇంజనీరింగ్ అయిపోయిన వాళ్లకి పీజీ స్థాయిలో డిజైన్ నేర్పడానికి అన్నమాట. దాన్ని నిలబెట్టిన సుధాకర్ నాడ్‌కర్ణి జర్మనీలో ఉల్మ్ డిజైన్ స్కూల్లో చదివొచ్చినాయన. ఆ ఉల్మ్ స్కూల్ 1968లోనే మూతపడింది. ఇక్కడ మొలక వేసేసరికి అక్కడ చెట్టు లేదు!

ఇక అసలు కథలోకి వద్దాం. ఇది 2007.

స్టాన్‌ఫర్డ్‌లో ఒక పీజీ కోర్సు ఉంది. బాగా పేదవాళ్లకి అందుబాటులో ఉండే వస్తువులు తయారు చేయడం దాని పని. బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ జిమ్ పటెల్, వర్క్‌షాప్ నడిపే డేవ్ బీచ్ కలిసి మొదలుపెట్టారు. ఆర్నాల్డ్ కల గుర్తుందిగా, ఎంబీఏ వాళ్లూ ఇంజనీర్లూ ఒకే బల్ల దగ్గర? ఇదే అది. ఆ ఏడాది ఒక జట్టులో జేన్ చెన్ అనే ఎంబీఏ స్టూడెంట్, లైనస్ లియాంగ్ అనే కంప్యూటర్ సైన్స్ కుర్రాడు, నాగానంద్ మూర్తి, ఇంకా ఐఐటీ మద్రాస్‌లో బీటెక్ చేసి పీహెచ్‌డీకి వెళ్లిన రాహుల్ పానికర్ ఉన్నారు. వాళ్లకి ఇచ్చిన పని: మామూలు ఇంక్యుబేటర్ ధరలో ఒక శాతంకే ఇంక్యుబేటర్ చేయండి.

ఇంక్యుబేటర్ అంటే మనవాళ్లు 'బిడ్డని బాక్సులో పెట్టారు' అంటారే, ఆ గాజు పెట్టె. అప్పట్లో ఒక్కోటి 20,000 డాలర్ల దాకా అని లెక్క చెప్పేవారు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకి ఒంట్లో తగినంత కొవ్వు ఉండదు. మనకి మామూలుగా అనిపించే గదిలో కూడా ఆ బిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది, ప్రాణం మీదకి వస్తుంది. ప్రపంచంలో ఏటా ఇలా బరువు తక్కువగా పుట్టేవాళ్లు సుమారు 2 కోట్లమంది.

మామూలు ఇంజనీర్ ఏం చేస్తాడు? గాజు పెట్టె విప్పి, ఏ పార్ట్ చవగ్గా దొరుకుతుందో చూస్తాడు. వీళ్లూ అలాగే చేసుండేవాళ్లేమో. కానీ లియాంగ్ నేపాల్ వెళ్లాడు. ఖాట్మండులో ఆసుపత్రికెళ్తే ఇంక్యుబేటర్లు ఉన్నాయి. దానంగా వచ్చినవి, బాగానే ఉన్నాయి. కానీ చాలావాటిలో బిడ్డలే లేరు. ఖాళీ. ఎందుకని అడిగితే డాక్టర్ చెప్పిన జవాబు: వీటి అవసరం ఉన్న బిడ్డలు పల్లెల్లో, కొండల్లో పుడుతున్నారు. ఇక్కడిదాకా రాకముందే పోతున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇంక్యుబేటర్ ధర నిజంగా ఒక శాతానికి తగ్గించినా ఏమయ్యేది? ఖాళీ పెట్టెలు ఇంకొన్ని పెరిగేవి, అంతే. క్లాసులో ఇచ్చిన ప్రశ్నే తప్పు. వాళ్లకి కావాల్సింది చవక ఇంక్యుబేటర్ కాదు, కరెంటు లేని ఇంట్లో తల్లి తనంతట తాను బిడ్డని వెచ్చగా ఉంచుకునే సాధనం. నా దృష్టిలో పీజీ చదువు చేయాల్సిన పెద్ద పని ఇదే, ఇచ్చిన ప్రశ్నని తిప్పి అడిగే ధైర్యం ఇవ్వడం. ఎంత మంది లెక్చరర్లు దీనికి మార్కులేస్తారు అంటే మాత్రం నేను గట్టిగా చెప్పలేను.

వాళ్లు చేసింది చిన్న స్లీపింగ్ బ్యాగ్ లాంటిది. వెనకాల ఒక పౌచ్, లోపల మైనం లాంటి పదార్థం. నిమ్మరసం గ్లాసులో ఐసు ఉన్నంతసేపూ చల్లదనం మారదు కదా, ఐసు మొత్తం కరిగాకే వేడెక్కుతుంది. అదే సూత్రం ఇక్కడ తిరగేశారు. ఆ మైనం సుమారు 37 డిగ్రీల దగ్గర కరిగి, గడ్డకడుతుంది. ముందు వేడి చేసి కరిగించి పెడితే, మళ్లీ గడ్డకట్టేదాకా కొన్ని గంటలపాటు అదే 37 డిగ్రీల వెచ్చదనం ఇస్తూనే ఉంటుంది. ఆ టైమంతా కరెంటు అక్కర్లేదు. పేరు 'ఎంబ్రేస్', అంటే కౌగిలి.

కోర్సు అయిపోయింది, గ్రేడ్లు వచ్చాయి. చాలా ప్రాజెక్టులు ఇక్కడే బీరువాలోకి వెళ్లిపోతాయి. వీళ్లు మాత్రం కంపెనీ పెట్టుకుని మన దేశానికి వచ్చేశారు, బెంగళూరులో ఉండి పని చేశారు. మహారాష్ట్రలో ఒక ఊళ్లో నమూనా చూపిస్తుంటే ఒక తల్లి మాట వాళ్ల కళ్లు తెరిపించింది. డాక్టర్ బిడ్డకి ఒక చెంచా మందు వేయమంటే, ఎందుకైనా మంచిదని అర చెంచానే వేస్తానంది. ఇంగ్లీషు మందులు మరీ పవర్ అని నమ్మకం. మన ఇళ్లలో కూడా వింటాం కదా ఈ మాట! అంటే 37 చూపించాల్సిన చోట ఆవిడ 30 దగ్గరే ఆపేస్తుంది. అప్పుడు వాళ్లు అంకెలే తీసేశారు. సరిపోయిందా, సరిపోలేదా, ఈ రెండే చూపించే గుర్తు పెట్టారు. ఈ మార్పు ఏ ల్యాబ్‌లో కూర్చున్నా తట్టేది కాదు. మూడు వేళ్ల జీవి గురించి ఆర్నాల్డ్ అడిగిన ప్రశ్నే ఇది, ఈసారి మాత్రం ఎదురుగా ఉన్నది నిజమైన మనిషి.

2007 క్లాసు వస్తువు మార్కెట్‌కి వచ్చింది 2011లో. పట్టింది నాలుగేళ్లు. పరీక్షలు, భద్రతా ప్రమాణాలు, పెట్టుబడి, అమ్మకం, వీటిలో ఒక్కటి కూడా రెండు టర్ముల కోర్సులో పూర్తయ్యేది కాదు. ఇంకో మాట. తల్లి గుండెల మీద బిడ్డని ఒంటికి ఆనించి పడుకోబెట్టే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. డాక్టర్లు ఇప్పటికీ దాన్నే ముందు చెప్తారు. ఎంబ్రేస్ దానికి బదులు కాదు, తల్లికి కుదరని టైమ్‌లో తోడు.

మన స్టూడెంట్స్‌కి పనికొచ్చే సంగతి కూడా చెప్పేస్తాను. మన దగ్గర ఎం.డెస్ అనే మాస్టర్స్ ఐఐటీ బాంబేలోనే కాదు, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా ఉంది. దీనికి గేట్ కాదు, సీడ్ అనే వేరే ఎంట్రన్స్ ఉంటుంది, ఐఐటీ బాంబే నడుపుతుంది. ఇంజనీరింగే చదివుండాలని రూల్ లేదు. పేపర్లో బొమ్మలు గీయమంటారు, కానీ అందంగా గీయడం ముఖ్యం కాదు. రోజూ వాడే వస్తువు ఒకటి ఇచ్చి ఇది ఎవరికి ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నట్టు ఆలోచింపజేసే ప్రశ్నలు వస్తాయి. ప్రాక్టీస్ చేయాలంటే మీ వంటింట్లోంచే మొదలుపెట్టొచ్చు. ఆ చెంబు ఎక్కడుందో చూడండి.